చార్మ్ క్వార్క్ ఎక్కడికీ పోదు: భారీ న్యూక్లియస్‌ల ఢీలో బరువైన క్వార్కుల లెక్క

అందరికీ నమస్కారం అండీ. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే, వినపడుతోందంటున్నారు, మొదలెడదాం.

ఇవాళ మాట్లాడబోయేది బరువైన క్వార్కుల గురించి (క్వార్కులంటే ప్రోటాన్, న్యూట్రాన్ లాంటివాటి లోపల ఉండే అతి చిన్న కణాలు), అంటే చార్మ్, బాటమ్ అని రెండున్నాయి కదా, వాటిని సీసం లాంటి పెద్ద న్యూక్లియస్‌లు ఢీకొన్నప్పుడు ఎలా పట్టుకుంటాం, పట్టుకుని వాటి దగ్గర్నుంచి ఏం రాబడతాం అని. చివర్లో చెప్పాల్సిన మాట ఒకటి ముందే చెప్పేస్తా, ఎందుకంటే మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఢీలో పుట్టిన చార్మ్ క్వార్క్ ఎక్కడికీ పోదు. వేగం తగ్గొచ్చు, దారి మారొచ్చు, వేరే క్వార్క్‌తో జత కట్టొచ్చు, కానీ మాయమవ్వదు. మా ఫీల్డ్‌లో "తగ్గిపోయింది, అణిగిపోయింది" అని పేపర్లు బోలెడు వస్తాయి, అవన్నీ చదివేటప్పుడు మనం అడగాల్సిన ప్రశ్న, తగ్గింది సరే, మరి ఎటు వెళ్ళింది?

ముందు సీన్ చూద్దాం. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ బోర్డర్ దగ్గర భూమి కింద 27 కిలోమీటర్ల రింగు, సెర్న్ ల్యాబ్ వాళ్ళ ఎల్‌హెచ్‌సీ, కణాల్ని ఢీకొట్టించే యంత్రం. అందులో ఏడాదిలో ఎక్కువ భాగం ప్రోటాన్లు తిరుగుతాయి, ఏడాది చివర్లో కొన్ని వారాలు మాకిస్తారు, అప్పుడు సీసం న్యూక్లియస్‌లు తిప్పుతారు. ఒక్కో దాంట్లో 208 ప్రోటాన్లూ న్యూట్రాన్లూ. ఎల్‌హెచ్‌సీ మూడో రన్‌లో ఒక్కో న్యూక్లియాన్ (ప్రోటాన్ గానీ న్యూట్రాన్ గానీ) జతకి 5.36 టీఈవీ ఎనర్జీ. టీఈవీ, జీఈవీ, ఎంఈవీ అన్నీ ఎనర్జీ కొలతలే, ఒక్కోటి తర్వాతి దానికి వెయ్యి రెట్లు, మాస్‌నీ టెంపరేచర్‌నీ కూడా మేం వాటిల్లోనే చెప్తాం. ఎదురెదురుగా వచ్చి నిండుగా గుద్దుకుంటే ఆ చోట ప్రోటాన్లూ న్యూట్రాన్లూ అనేవి ఇంక ఉండవు, వాటి లోపలి క్వార్కులూ, వాటిని అతికించి ఉంచే గ్లూవాన్లూ బైటికి వచ్చేసి ఒక చుక్కలా తయారవుతాయి. దాన్నే క్వార్క్ గ్లూవాన్ ప్లాస్మా అంటాం. మామూలు పదార్థం ఇలా మారడానికి కావాల్సిన టెంపరేచర్ దాదాపు 155 ఎంఈవీ, అంటే డిగ్రీల్లో చెప్పాలంటే 1.8 లక్షల కోట్ల కెల్విన్. సూర్యుడి మధ్యలో వేడి ఒకటిన్నర కోటి, అంటే దానికి లక్ష రెట్లు పైమాటే. ఢీ మొదట్లో ఇంకా ఎక్కువ ఉంటుంది.

ఆ చుక్క ఎంతసేపు ఉంటుంది? కాంతి ఓ పది ఫెర్మీల దూరం పోయేంతసేపు, ఒక ఫెర్మీ అంటే దాదాపు ప్రోటాన్ సైజు అనుకోండి. సెకనులో కోటి కోటి కోటో వంతు తీసుకుని, దాంట్లో మళ్ళీ ముప్పయ్యో వంతు తీసుకోండి, అంత. ఆ తర్వాత చల్లారిపోయి మామూలు కణాలుగా గడ్డకట్టేసి, వేలకొద్దీ పయాన్లూ కేయాన్లూ ప్రోటాన్లూ అన్ని వైపులకీ ఎగిరిపోతాయి. డిటెక్టర్‌కి అందేది ఇవే. చుక్కని ఎవరూ చూడలేదు, చూడలేరు కూడా. మరి దాని గురించి ఇంత ధీమాగా ఎలా మాట్లాడతాం? అందుకు మొదట్నుంచీ చివరిదాకా లోపలే ఉండి వచ్చిన కణం ఒకటి కావాలి. అప్, డౌన్ క్వార్కులు ఇందుకు పనికిరావు, ఎందుకంటే ఆ వేడిలో అవి ఎప్పుడు పడితే అప్పుడు పుడుతుంటాయి, పోతుంటాయి, చివర్లో బైటికి వచ్చిన పయాన్‌లోని అప్ క్వార్క్ మొదట్లో ఉన్నదేనా అన్న ప్రశ్నకి అర్థమే లేదు.

చార్మ్ అలా కాదు. దాని మాస్ 1.27 జీఈవీ, ఒక్క క్వార్కే మొత్తం ప్రోటాన్ కన్నా బరువు. బాటమ్ అయితే 4.2 జీఈవీ. చుక్క లోపలి టెంపరేచర్ ఎంత అంటే 0.3, 0.4 జీఈవీ, ఆ ప్రాంతంలో. క్వార్క్, దానికి ఎదురు కణం యాంటీక్వార్క్, జతగానే పుట్టాలి కదా, అంటే చార్మ్ జతకి కనీసం రెండున్నర జీఈవీ కావాలి, ఆ వేడిలో తిరిగే గ్లూవాన్లకి అంత స్తోమత లేదు, ఉన్నా బహు అరుదు. కాబట్టి చార్మ్ పుట్టాలంటే మొట్టమొదటి గుద్దుడులోనే పుట్టాలి, రెండు గ్లూవాన్లు పూర్తి వేగంతో ఢీకొన్న ఆ క్షణంలో. అది ఎంత త్వరగా అంటే, ఫెర్మీలో పదో వంతు దూరం కాంతి పోయేలోపే. అంటే చుక్క ఇంకా సరిగ్గా తయారవకముందే చార్మ్ వచ్చి కూర్చుంది. బాటమ్ ఇంకా ముందు.

పుట్టాక పోదా? పోవాలంటే రెండు దారులు. ఒకటి వీక్ ఇంటరాక్షన్‌తో డీకే అవ్వడం, అంటే దానంతటదే వేరే కణాలుగా విడిపోవడం, దానికి కనీసం వెయ్యి కోట్ల చుక్కల ఆయుష్షు పడుతుంది, కాబట్టి ఆ బెంగ లేదు. రెండోది తన యాంటీక్వార్క్‌ని వెతుక్కుని ఇద్దరూ కలిసి హరించుకుపోవడం, కానీ ఇంత కొద్దిసేపట్లో అంత గుంపులో ఆ కలయిక జరిగేది లెక్కలోకి రానంత తక్కువ. ఇక బలమైన ఇంటరాక్షన్ అయితే ఒక రకం క్వార్క్‌ని ఇంకో రకంగా మార్చలేదు. కాబట్టి మొదట్లో ఎన్ని పుట్టాయో చివర్లోనూ అన్నే ఉంటాయి. ఎల్‌హెచ్‌సీలో నిండుగా గుద్దుకున్న ఒక సీసం ఢీలో సుమారు వంద చార్మ్ జతలు పుడతాయని అంచనా. ఈ వందా ఏదో ఒక రూపంలో బైటికి రావాలి.

టాప్ క్వార్క్ సంగతేంటి అని కొందరికి అనిపిస్తుంది. అది 173 జీఈవీ, మరీ బరువు, చుక్క సరిగ్గా ఏర్పడేలోపే డీకే అయిపోతుంది. సీసం ఢీల్లో టాప్ కూడా కనపడింది, దాని కథ వేరే, ఇవాళ దాన్ని ముట్టుకోను.

ఇప్పుడు కొంచెం చరిత్ర. 1974 నవంబర్‌లో బ్రూక్‌హేవెన్‌లో శామ్యూల్ టింగ్ గ్రూపూ, స్టాన్‌ఫర్డ్ యాక్సిలరేటర్ దగ్గర బర్టన్ రిక్టర్ గ్రూపూ విడివిడిగా ఒకే కణాన్ని పట్టుకున్నారు, జే-సై, 3.1 జీఈవీ దగ్గర సూదిలా నిలబడ్డ పీక్. చార్మ్, యాంటీచార్మ్ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఉండే జంట అది. రెండేళ్ళకే నోబెల్ వచ్చింది. 1977లో ఫెర్మీల్యాబ్‌లో లియోన్ లెడర్‌మన్ టీమ్ బాటమ్ జంటని, అంటే అప్సిలాన్‌ని చూసింది, 9.46 జీఈవీ.

తర్వాత 1986లో మత్సుయి, సాట్జ్ అని ఇద్దరు థియరిస్టులు ఒక చిన్న పేపర్ రాశారు, మా ఫీల్డ్ మొత్తాన్ని కొన్ని దశాబ్దాలు నడిపించింది అది. వాళ్ళు అన్నది ఇంతే, చుక్క లోపల చుట్టూ ఇన్ని కలర్ చార్జీలు (క్వార్కుల్ని కలిపి పట్టే బలమైన ఇంటరాక్షన్ తాలూకు చార్జీలు) తిరుగుతుంటే చార్మ్‌కీ యాంటీచార్మ్‌కీ మధ్య ఉన్న ఆకర్షణ మరుగున పడిపోతుంది, కాబట్టి జే-సై కట్టు ఊడిపోతుంది, కాబట్టి జే-సైలు తగ్గితే చుక్క ఏర్పడినట్టే. ఎంత అందమైన ఆలోచనో చూడండి. సెర్న్‌లో ఎన్ఏ38, తర్వాత ఎన్ఏ50 ప్రయోగాలు వెతికాయి, తగ్గుదల కనపడింది, 2000 ఫిబ్రవరిలో సెర్న్ కొత్త రకం పదార్థానికి ఆధారాలు దొరికాయని ప్రకటించింది కూడా, అందులో ఈ జే-సై తగ్గుదల ముఖ్యమైన ముక్క.

అదే ఏడాది బ్రూక్‌హేవెన్‌లో రిక్ మొదలైంది, బంగారం న్యూక్లియస్‌లు, న్యూక్లియాన్ జతకి 200 జీఈవీ, అంటే సెర్న్ పాత ప్రయోగాలకి పదింతలు పైన. ఎనర్జీ పెరిగింది, వేడి పెరిగింది, కాబట్టి జే-సై ఇంకా బాగా తగ్గాలి. తగ్గలేదు. ఢీకి అడ్డంగా వచ్చే కణాల్లో చూస్తే దాదాపు మునుపటంతే. సరే అనుకుంటే, 2010లో ఎల్‌హెచ్‌సీలో సీసం ఢీలు మొదలయ్యాక ఆలిస్ ప్రయోగం చూసింది ఇంకా విచిత్రం, అంత వేడిలో రిక్ కన్నా తక్కువ తగ్గుదల! అదీ ముఖ్యంగా నెమ్మదిగా పోయే జే-సైల్లో.

ఇక్కడే నేను మొదట్లో చెప్పిన మాట గుర్తు చేసుకోండి. కట్టు ఊడింది నిజమే, కానీ ఊడిన చార్మ్ ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, ఆ చుక్కలోనే తిరుగుతోంది. ఒక ఢీలో ఒకటో రెండో జతలే పుడితే ఊడిన చార్మ్‌కి మళ్ళీ యాంటీచార్మ్ దొరకడం కష్టం, ఏ అప్ యాంటీక్వార్క్‌నో డౌన్ యాంటీక్వార్క్‌నో పట్టుకుని డీ మీసాన్‌గా బైటికొస్తుంది (క్వార్క్, యాంటీక్వార్క్ కలిసిన కణాన్ని మీసాన్ అంటాం). వంద జతలు పుడితే? చల్లారే టైమ్‌కి ఒక జతలోని చార్మ్, ఇంకెక్కడో పుట్టిన వేరే జతలోని యాంటీచార్మ్ పక్కపక్కన పడి కొత్త జే-సై తయారవుతుంది. ఇలాంటి కలయికల అవకాశం జతల సంఖ్యకి స్క్వేర్‌లా పెరుగుతుంది, అందుకే ఎల్‌హెచ్‌సీలో ఇంత బలంగా కనపడింది. బ్రౌన్-ముంజింగర్, స్టాకెల్ ఈ మాట 2000 సంవత్సరంలోనే అన్నారు, డేటా రావడానికి పదేళ్ళ ముందు.

నా ఉద్దేశంలో ఇక్కడ్నుంచి రావాల్సిన పాఠం, మొత్తం చార్మ్ ఎంతో తెలియకుండా జే-సై నంబర్ ఒక్కటీ చూసి ఏమీ చెప్పలేం. జే-సైలోకి వెళ్ళేది మొత్తం చార్మ్‌లో నూటికి ఒకటి, ఆ ప్రాంతం. మిగతా తొంభై తొమ్మిది ఏం చేస్తున్నాయో చూడకుండా ఆ ఒక్కదాన్ని థర్మామీటర్ అనేశాం చాలాకాలం.

అప్సిలాన్ విషయంలో ఈ చిక్కు తక్కువ, బాటమ్ జతలు ఒక ఢీలో మహా అయితే కొన్ని పుడతాయి కాబట్టి మళ్ళీ కలిసే అవకాశం కొంచెమే. అప్సిలాన్‌కి మూడు మెట్లున్నాయి, అంటే మూడు ఎనర్జీ స్థాయిలు, మొదటి దాని కట్టు గట్టిది, విడగొట్టాలంటే 1.1 జీఈవీ కావాలి, రెండో దానికి అందులో సగం, మూడో దానికి 0.2 అంతే. సీఎంఎస్ ప్రయోగం మ్యూయాన్ జతల మాస్ గీసినప్పుడు ప్రోటాన్ ఢీల్లో మూడు పీకులూ నీట్‌గా పక్కపక్కన కనపడతాయి, సీసం ఢీల్లో అదే ప్లాట్ గీస్తే మొదటిది కుంగిపోయి ఉంటుంది, రెండోది కష్టం మీద, మూడోది ఎన్నో ఏళ్ళ డేటా కలిపితే గానీ కనపడలేదు. మొదటిది మూడో వంతు చిల్లర మిగిలింది, రెండోది పదో వంతు చిల్లర. నాకు ఈ ఫీల్డ్‌లో ఏ ఒక్క ప్లాట్ ఇష్టం అంటే ఇదే చూపిస్తా, మాటలతో పని లేకుండా అర్థమవుతుంది. కాకపోతే మొదటి మెట్టు అప్సిలాన్లలో కొన్ని పై మెట్ల వాటి డీకే వల్ల వచ్చేవే, పై మెట్లు ఊడిపోతే ఆ వాటా కూడా రాదు, కాబట్టి మూడో వంతే మిగిలిందంటే మొదటిదే అంతగా కరిగిందని కాదు, ఆ లెక్క తీసేసి చూడాలి.

సరే, ఇప్పుడు నా సొంత ఏరియాకి వస్తా. జంటలు కాదు, ఒంటరి చార్మ్. బైటికి వచ్చేటప్పుడు ఎక్కువగా డీ మీసాన్‌గా వస్తుంది. దాన్ని ఎలా పట్టుకుంటామో కొంచెం దగ్గర్నుంచి చూపిస్తా, ఎందుకంటే ఇది చూడకపోతే ఈ నంబర్ల వెనక ఎంత పని ఉందో తెలీదు.

డీ జీరో మీసాన్ తీసుకోండి, మాస్ 1.865 జీఈవీ. పుట్టాక అది సగటున 0.4 పికోసెకన్లు బతుకుతుంది, కాంతి వేగంతో పోయినా ఆ టైమ్‌లో 0.12 మిల్లీమీటర్లు. వేగంగా పోతుంటే రిలేటివిటీ వల్ల ఇంకాస్త సాగుతుంది. బీమ్ పైపు గోడ 18 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. ఆలిస్‌లో మొదటి సిలికాన్ పొర దాదాపు 22 మిల్లీమీటర్ల దగ్గర. అంటే డీ మీసాన్ ఏ డిటెక్టర్‌నీ తాకదు, పైపు లోపలి వాక్యూమ్‌లోనే దాని బతుకు అయిపోతుంది. మనకి అందేది దాని పిల్లలు, ఒక కేయాన్, ఒక పయాన్. అదీ నూటికి నాలుగుసార్లే ఆ రూపంలో డీకే అవుతుంది. ఆ రెండు ట్రాకుల్నీ వెనక్కి గీసుకుంటూ వెళ్తే అవి అసలు ఢీ జరిగిన పాయింట్‌లో కలవవు, దానికి వంద మైక్రాన్లు పక్కన కలుస్తాయి. ఆ వంద మైక్రాన్ల తేడానే మన సాక్ష్యం.

దాన్ని చూడాలంటే పిక్సెళ్ళు ఎంత చిన్నవి ఉండాలి? ఆలిస్‌లో ఇప్పుడున్న లోపలి ట్రాకర్‌లో 1250 కోట్ల పిక్సెళ్ళున్నాయి, ఏడు పొరల్లో, మొత్తం పది చదరపు మీటర్ల సిలికాన్, ఒక్కో పిక్సెల్ ముప్పై మైక్రాన్ల కన్నా చిన్నది. ఇలాంటి సెన్సర్‌ని కొలైడర్‌లో మొదట వాడింది రిక్‌లోని స్టార్ ప్రయోగం, 2014 నుంచి 2016 దాకా.

అయినా సరిపోదు. ఒక నిండు ఢీలో వేల ట్రాకులు, ఏ కేయాన్ ఏ పయాన్‌తో పుట్టిందో రాసి ఉండదు, కాబట్టి ప్రతి కేయాన్‌నీ ప్రతి పయాన్‌తోనూ జతకట్టి చూడాలి, నూటికి తొంభై తొమ్మిదికి పైగా తప్పుడు జతలే. ప్రతి జతకీ మాస్ లెక్కేసి హిస్టోగ్రామ్‌లో పడేస్తే పెద్ద కొండలాంటి బ్యాక్‌గ్రౌండ్, దాని మీద 1.865 దగ్గర చిన్న బుడిపె. కట్స్ బిగించే కొద్దీ కొండ తగ్గుతుంది, బుడిపె కూడా కొంత తగ్గుతుంది, ఎక్కడ ఆపాలన్నదే రోజుల తరబడి వాదన. ఆ బుడిపె కింద ఉన్న ఏరియానే డీ మీసాన్ల సంఖ్య. ఇది మెల్లగా పోయే డీలకి ఇంకా కష్టం, పక్కకి జరిగేది తక్కువ, బ్యాక్‌గ్రౌండ్ ఎక్కువ. కానీ చార్మ్‌లో ఎక్కువ భాగం ఉన్నది సరిగ్గా అక్కడే, మెల్లగా పోయేవాటిలో. సులువుగా దొరికే చోట తక్కువుంది, ఎక్కువున్న చోట దొరకదు, చార్మ్ వాళ్ళ రోజువారీ పోరాటం ఇదే.

సరే ఇన్ని కష్టాలు పడి లెక్కపెట్టాక ఏం చేస్తాం? ప్రోటాన్ ఢీల్లో వచ్చిన డీలని, సీసం ఢీలో ఎన్ని న్యూక్లియాన్ గుద్దుళ్ళు జరిగాయో దాంతో గుణించి, ఇన్ని రావాలి అని ఒక అంచనా వేసి, నిజంగా వచ్చినవాటితో పోలుస్తాం. ఆ రేషియోనే ఆర్ ఏఏ అంటాం. ఒకటి వస్తే ఏ మార్పూ లేనట్టు. ఆరు నుంచి పది జీఈవీ మొమెంటం దగ్గర డీలకి ఇది ఐదో వంతు వరకూ పడిపోతుంది. ఐదో వంతే మిగిలింది అని హెడ్డింగ్ పెడతారు, అది చదివి మిగతా నాలుగు వంతుల చార్మ్ కరిగిపోయిందనుకుంటే తప్పు. అవి ఎనర్జీ పోగొట్టుకుని కింది మొమెంటంలోకి జారిపోయాయి.

ఇక్కడ ఒక పాత ఆశ్చర్యం ఉంది. బరువైన క్వార్క్ తక్కువ ఎనర్జీ పోగొట్టుకోవాలి అని 2001లో డోక్‌షిట్జర్, ఖార్జీవ్ చెప్పారు. కారణం ఏంటంటే పరిగెత్తే క్వార్క్ గ్లూవాన్లని చిమ్ముతూ పోతుంది, బరువైనదైతే తన ముందువైపు ఒక చిన్న శంకువులో చిమ్మలేదు, ఆ కోణం మాస్‌ని ఎనర్జీతో భాగిస్తే వచ్చేంత. దీన్ని డెడ్ కోన్ అంటారు. 2022లో ఆలిస్ ప్రోటాన్ ఢీల్లో చార్మ్ జెట్లలో ఈ ఖాళీ కోణాన్ని నేరుగా చూపించింది, నేచర్‌లో వచ్చింది. కానీ రిక్‌లో మొదట చార్మ్, బాటమ్ నుంచి వచ్చే ఎలక్ట్రాన్లని కొలిస్తే దాదాపు తేలిక కణాలంతగానే అణిగిపోయి కనపడ్డాయి. దాంతో తేలిందేంటంటే గ్లూవాన్లు చిమ్మడం ఒక్కటే కాదు, చుక్కలోని కణాలతో నేరుగా ఢీకొట్టుకుంటూ పోవడంలో కూడా గట్టిగానే ఎనర్జీ పోతోంది. తర్వాత ఎల్‌హెచ్‌సీలో బాటమ్‌నీ చార్మ్‌నీ విడదీసి చూస్తే బాటమ్ తక్కువ అణిగింది, అంటే బరువు ప్రభావం ఉంది.

ఇంకో కొలత ఉంది, నాకు ఆర్ ఏఏ కన్నా ఇదే ముఖ్యం. న్యూక్లియస్‌లు సరిగ్గా ఎదురెదురుగా కాకుండా కొంచెం పక్కకి తగిలితే చుక్క గుండ్రంగా కాక బాదంగింజ ఆకారంలో ఉంటుంది, సన్నగా ఉన్న వైపు ప్రెషర్ తేడా ఎక్కువ, కాబట్టి అటు ఎక్కువ కణాలు తోసుకొస్తాయి. ఈ తేడాని వీ టూ అంటాం. ఇదే చూసి రిక్ వాళ్ళు 2005లో ఇది గ్యాస్ కాదు, దాదాపు లోపలి రాపిడే లేని ద్రవం అన్నారు. ఇప్పుడు ప్రశ్న, చార్మ్ కూడా ఆ ప్రవాహంలో కొట్టుకుపోతుందా? వరదలో ఆకులు కొట్టుకుపోతుంటే నీళ్ళు పారుతున్నాయనే తెలుస్తుంది, పెద్ద దుంగ కూడా అదే వేగంతో కొట్టుకొస్తుంటే ఆ నీటి ఉరవడి ఎంతో తెలుస్తుంది. డీ మీసాన్లకి వీ టూ ఉంది, చిన్నదేం కాదు, తేలిక కణాలకి దగ్గర్లోనే ఉంది.

దీని వెనక లెక్క పాతదే. 1827లో రాబర్ట్ బ్రౌన్ నీళ్ళలో పుప్పొడి నుంచి వచ్చిన రేణువులు ఊరికే కదలడం చూశాడు, 1905లో ఐన్‌స్టీన్ అది నీటి అణువుల తాకిడి అని లెక్కేసి చూపించాడు. 1988లో స్వెటిట్స్కీ ఇదే పద్ధతి చార్మ్‌కి పెట్టి ప్లాస్మాలో దాని డిఫ్యూజన్, అంటే తాకిళ్ళ మధ్య అది ఎంత త్వరగా చెదురుతుంది, ఎంత అని లెక్కేశాడు. తేడా ఒక్కటే, బ్రౌన్ ఒకే రేణువుని ఎంతసేపైనా చూడగలిగాడు, మనకి ఆ నడక అంతా అయిపోయాక చివరి అడుగు మాత్రమే కనపడుతుంది, అందుకే కోట్ల ఢీలు కలపాలి.

వీ టూ, ఆర్ ఏఏ రెండూ కలిపి మోడల్స్‌తో పోల్చి ఆలిస్ ఒక నంబర్ ఇచ్చింది. చల్లారే టెంపరేచర్ దగ్గర డిఫ్యూజన్ గుణకాన్ని రెండు పై టీతో (టీ అంటే టెంపరేచర్) గుణిస్తే ఒకటిన్నర నుంచి నాలుగున్నర మధ్యలో వస్తుంది. ఈ నంబర్ ఎంత చిన్నదైతే చార్మ్‌కీ చుక్కకీ మధ్య పట్టు అంత గట్టిది, గ్లూవాన్లతో బలహీనంగా తగులుతుందనే పాత లెక్కల్లో ఇది చాలా పెద్దగా వచ్చేది. దీన్నిబట్టి చార్మ్ చుట్టూ ఉన్న వేడిలో కలిసిపోవడానికి మూడు నుంచి తొమ్మిది ఫెర్మీల టైమ్ పడుతుంది, చుక్క బతికేది పది. అంటే చార్మ్ దాదాపు కలిసిపోతుంది, కొంచెం మిగిలిపోతుంది. బాటమ్‌కి దాని బరువుని బట్టి మూడింతలు పడుతుంది, కాబట్టి పూర్తిగా కలవలేదు, మొదట్లో ఎలా బయల్దేరిందో ఆ గుర్తు ఇంకా దాని దగ్గర ఉంటుంది. అందుకే రాబోయే ఏళ్ళలో బాటమ్ కొలతలు చాలా విలువైనవి అని నా నమ్మకం.

ఇప్పుడు లెక్క మళ్ళీ. చార్మ్ అంతా డీల్లోకే వెళ్తుందా? ఎలక్ట్రాన్ పాజిట్రాన్ ఢీల్లో చూస్తే వంద చార్మ్‌లలో ఆరు లాంబ్డా సీ అనే బేరియాన్‌లోకి, అంటే మూడు క్వార్కుల కణంలోకి వెళ్ళేవి. ఈ వాటాలు ఎక్కడైనా ఒకటే అనుకుని అందరం అవే వాడేశాం. ఎల్‌హెచ్‌సీ ప్రోటాన్ ఢీల్లో ఆలిస్ నిజంగా కొలిస్తే లాంబ్డా సీలోకి వెళ్ళేది వందలో ఇరవై దాకా ఉంది! అంటే డీలని మాత్రమే లెక్కపెట్టి మొత్తం చార్మ్ ఇంత అని చెప్పినవన్నీ తక్కువ చెప్పినట్టే, ఈ కొత్త వాటాలతో మొత్తం దాదాపు నలభై శాతం పెరిగింది. సీసం ఢీల్లో మధ్య మొమెంటం దగ్గర లాంబ్డా సీ ఇంకా పెరుగుతుంది, చుట్టూ క్వార్కులు కిక్కిరిసి ఉన్నాయి కాబట్టి చార్మ్ పక్కనున్న ఇద్దర్ని పట్టుకుని బేరియాన్ అయిపోతోంది. స్ట్రేంజ్ క్వార్కులు కూడా అక్కడ ఎక్కువే కాబట్టి డీ ఎస్ మీసాన్ వాటా పెరుగుతుంది. ఇప్పుడు డీ జీరో ఆర్ ఏఏ కిందకి పడిందంటే అందులో ఎంత ఎనర్జీ పోవడం వల్ల, ఎంత లాంబ్డా సీలోకి మళ్ళడం వల్ల, ఎంత అసలు సీసం న్యూక్లియస్‌లో గ్లూవాన్లే మొదట్నుంచీ తక్కువ ఉండటం వల్ల? మూడూ విడదీయకపోతే డిఫ్యూజన్ నంబర్‌ని నమ్మలేం. అందుకే నేను ఎప్పుడూ మొత్తం లెక్క, జీరో మొమెంటం దాకా, అన్ని రకాల హ్యాడ్రాన్లలో, అంటే మీసాన్లూ బేరియాన్లూ అన్నిట్లో అని పట్టుబడతా. థియరీ నుంచి మొత్తం చార్మ్ ఎంతో తెచ్చుకుందామంటే ఆ లెక్కలో అనిశ్చితి పట్టీ చాలా వెడల్పు, డేటా ఎప్పుడూ ఆ పట్టీ పై అంచునే కూర్చుంటుంది. కొలిచి తీరాల్సిందే.

నేను ఇక్కడితో ఆపి ప్రశ్నలు తీసుకుంటా.

(సభలోంచి: అంత వేడి పుడుతుంటే డిటెక్టర్లు కాలిపోవా సర్?)

మంచి ప్రశ్న. టెంపరేచర్ వేరు, మొత్తం ఎనర్జీ వేరు. ఒక్కో జతకి 5.36 టీఈవీ, 208 జతలు అనుకుంటే దాదాపు 1100 టీఈవీ, దాన్ని జూళ్ళలోకి మార్చితే ఒక జూల్‌లో ఐదు వేలో వంతు కన్నా తక్కువ. చాలా చిన్నది, కానీ దాన్ని ఓ పదిహేను ఫెర్మీల చోట కుక్కేశాం, అందుకే అంత వేడి. డిటెక్టర్‌కి ఒక ఢీతో ఏమీ కాదు, ఏళ్ళ తరబడి రేడియేషన్‌తో సిలికాన్ పాడవ్వడం వేరే సంగతి.

(సభలోంచి: బిగ్ బ్యాంగ్ తర్వాత కూడా ఇదే ప్లాస్మా ఉండేదంటారు కదా, అక్కడి చార్మ్ క్వార్కులు కూడా అలాగే ఉండిపోయాయా?)

లేదమ్మా, చాలా బాగా అడిగావు. నేను మొదట్నుంచీ చార్మ్ ఎక్కడికీ పోదు అంటున్నా కదా, అది ల్యాబ్ చుక్కకి మాత్రమే నిజం, ఎందుకంటే దాని ఆయుష్షు అంత తక్కువ. విశ్వం మొదట్లో ఆ ప్లాస్మా మైక్రోసెకన్ల పాటు ఉంది, మన చుక్కతో పోలిస్తే అది కోటి కోట్ల రెట్లకన్నా ఎక్కువ టైమ్. అంత టైమ్‌లో చార్మ్, యాంటీచార్మ్ తీరిగ్గా కలిసి హరించుకుపోతాయి, వేడిగా ఉన్నప్పుడు మళ్ళీ పుడతాయి, చల్లబడే కొద్దీ పుట్టడం తగ్గి సంఖ్య పడిపోతుంది, మిగిలినవి డీకే అయిపోతాయి. పదార్థం అదే, చరిత్ర వేరు.

(సభలోంచి: చిన్న ఢీల్లో, అంటే ప్రోటాన్, సీసం ఢీల్లో కూడా చార్మ్‌కి వీ టూ కనపడిందని చదివాను. అక్కడ కూడా చుక్క ఉన్నట్టేనా?)

కనపడింది, డీ మీసాన్లకీ, జే-సైకీ కూడా. ఇబ్బంది ఎక్కడంటే అక్కడ ఆర్ ఏఏ లాంటి కొలతలో ఎనర్జీ పోయినట్టు స్పష్టంగా కనపడదు. ప్రవాహంతో పాటు కదిలింది కానీ దెబ్బ తిన్నట్టు లేదు, రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయన్నది తేలలేదు. 2025 జులైలో ఎల్‌హెచ్‌సీలో మొదటిసారి ఆక్సిజన్, ఆక్సిజన్‌తోనూ, నియాన్, నియాన్‌తోనూ ఢీకొట్టించారు, సరిగ్గా ఈ మధ్య సైజు కోసమే. ఆక్సిజన్‌లో 16 న్యూక్లియాన్లే, సీసం అంత జనం ఉండరు కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ తక్కువ, డీ మీసాన్‌ని తక్కువ మొమెంటం దాకా పట్టుకోవచ్చు. నువ్వు ఎమ్మెస్సీ చేస్తున్నావా? అయితే ఆ డేటాలో డీ జీరో, లాంబ్డా సీ రెండిటి రేషియో ముందు చూడు, వీ టూ తర్వాత.